డిప్లోరబుల్: శోచనీయమా, గర్హణీయమా?

ప్రశ్న: పత్రానువాదకుడు

అందరికీ నమస్కారం. కార్యాలయాలకు వచ్చే ఆంగ్ల నివేదికలను తెలుగు చేయడం నా పని. ఇటీవల ఒక వసతిగృహం తనిఖీ నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. అందులో తనిఖీ అధికారి "డిప్లోరబుల్" అనే విశేషణాన్ని మూడు చోట్ల వాడారు. మొదటి చోట మరుగుదొడ్ల స్థితి డిప్లోరబుల్‌గా ఉందన్నారు. తలుపులకు గడియలు లేవనీ, కుళాయిలు ఎండిపోయి పిల్లలు ఆవరణ అవతలి బోరింగు నుంచి బకెట్లతో నీళ్లు మోసుకుంటున్నారనీ ఆ వెంటనే వివరించారు. రెండో చోట, ఈ సంగతి పైవారికి చెప్పిన పిల్లలను వార్డెను బెదిరించిన తీరు డిప్లోరబుల్ అన్నారు. మూడో చోట, సరుకుల రిజిస్టరు నిర్వహణలో డిప్లోరబుల్ అనదగిన అశ్రద్ధ కనిపించిందని రాశారు.

నేను మూడింటికీ "శోచనీయం" అనే రాశాను. నా ప్రతిని సరిచూసిన పెద్దాయన మొదటి దాన్ని అలాగే ఉంచి, రెండో దాన్ని ఎర్ర సిరాతో కొట్టి "గర్హణీయం" అని రాశారు. మూడో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. కారణం అడిగితే "వార్డెను చేసిన పనికి మనం శోకించాలా?" అని నవ్వి ఊరుకున్నారు. ఆయన మాట సబబుగానే తోస్తోంది. కాని మూలంలో ఒకటే ఉన్న మాటకు అనువాదంలో రెండు మాటలు వాడితే, రేపు ఆ నివేదిక ఆధారంగా చర్య తీసుకునేటప్పుడు అధికారి రెండు వేర్వేరు స్థాయిల్లో తప్పు పట్టినట్టు కనిపించదా అన్నది నా సందేహం. ఈ ఆంగ్లపదంలోని నిరసన ఎంత తీవ్రమైనది, అది ఏ నామవాచకం పక్కన చేరితే ఎలా మారుతుంది, తెలుగులో దేనితో చెప్పాలి అన్నవి తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు

అనువాదకుడు గారూ, మీరు రాసినదాంట్లో ధాతువు ఉంది, మీ పెద్దాయన దిద్దుబాటులో వాడుక ఉంది. రెండూ ఒకే పదానికి చెందినవే కాబట్టి చిక్కు వచ్చింది.

లాటిన్‌లో "ప్లోరారే" అంటే గొంతెత్తి ఏడవడం. దానికి ముందు "డె" చేరితే పొగిలి పొగిలి ఏడవడం అవుతుంది. బతిమాలుకోవడం అనే అర్థంలో వాడే "ఇంప్లోర్" కూడా ఈ ఇంటిదే. ఇది ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చింది. పదిహేడో శతాబ్దం తొలినాళ్లలో "డిప్లోరబుల్" అంటే "ఏడ్వదగినది" అనే అర్థం. మన "శోచనీయం" నిర్మాణం చూడండి: శుచ్ అనే ధాతువుకు దుఃఖించడం అని అర్థం, దానికి "అనీయ" ప్రత్యయం చేరితే "దుఃఖించదగినది". అక్కడి "ఏబుల్" చేసే పనిని ఇక్కడ "అనీయ" చేస్తోంది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండు భాషలు ఇంత దగ్గరగా ఒక మాటను కట్టుకోవడం అరుదు. కనుక మీ ఎంపికను తప్పు అనడానికి వీల్లేదు.

అయితే మాట పుట్టినచోటే ఉండిపోదు. 1755లో శామ్యూల్ జాన్సన్ వెలువరించిన ఆంగ్ల నిఘంటువులో ఈ పదానికి మొదట విలపించదగిన, దీనమైన, ఆశలు అడుగంటిన అనే అర్థాలే ఉన్నాయి. ఆ కింద ఆయన రెండో అర్థం ఒకటి చేర్చారు. కొంత అదుపు తప్పిన, వేళాకోళపు వాడుకలో దీన్ని "తుచ్ఛమైన" అనే అర్థంలో కూడా అంటున్నారని చెప్పి, పిచ్చి వాగుడుకూ తెలివితక్కువతనానికీ ఈ విశేషణాన్ని తగిలించి ఉదాహరణలు చూపారు. ఆనాడు నిఘంటుకారుడు కొంచెం ముఖం చిట్లించుకుని చేర్చుకున్న ఆ అర్థమే నేడు ముందు వరుసలోకి వచ్చింది. ఈనాటి ఆంగ్ల పాఠకుడికి డిప్లోరబుల్ అనగానే ముందు తోచేది నిరసన. జాలి ఆ వెనుక ఎక్కడో ఉంటుంది.

జాలి మాట ఈసడింపు మాటగా మారడం మనకు కొత్తేమీ కాదు. దిక్కు మాలడం అంటే ఆదుకునేవారు లేకపోవడం. ఆ స్థితిలో ఉన్న మనిషిని చూసి అయ్యో అనాలి. కాని "దిక్కుమాలిన పని", "దిక్కుమాలిన మాటలు" అన్నప్పుడు ఎవరి మీద జాలి పడుతున్నాం? "నిర్భాగ్యుడు", "దరిద్రపు" అన్నవీ ఇదే దారిన నడిచాయి. జాన్సన్ ఇచ్చిన ఉదాహరణను తెలుగు చేయమంటే నేను సంకోచం లేకుండా "దిక్కుమాలిన వాగుడు" అంటాను. తనిఖీ నివేదికలో అది నప్పదనుకోండి.

ఇక మీ వాక్యాలకు వస్తాను. డిప్లోరబుల్ ఒక స్థితిని వర్ణిస్తున్నప్పుడు, అంటే భవనం, వైద్యశాల వార్డు, రహదారి, జీవన పరిస్థితులు వంటి వాటి పక్కన చేరినప్పుడు, పాత అర్థం చాలావరకు బతికే ఉంటుంది. అక్కడ నిందకు గురైన కర్త వాక్యంలో కనిపించడు. అనుభవించేవారు మాత్రం కనిపిస్తారు. కనుక మొదటి వాక్యానికి "శోచనీయం" సరిపోతుంది, "దయనీయం" ఇంకా బాగుంటుంది. అదే విశేషణం ఒకరి చేష్టను, మాటను, ప్రవర్తనను వర్ణిస్తే, శోకం వెనక్కి తగ్గి తప్పు పట్టడం ముందుకు వస్తుంది. అక్కడ "గర్హణీయం" తప్పనిసరి. గర్హ అంటేనే నింద. కాబట్టి మీ పెద్దాయన చేసిన దిద్దుబాటును నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.

మూడో వాక్యమే కష్టమైనది. అశ్రద్ధ అనేది స్థితి కూడా, చేత కూడా. దాని గురించి మిగతావారు ఏమంటారో చూశాక రాస్తాను.

సమాధానం: వార్తల బల్ల

ఉపన్యాసకుల వారు చెప్పినదానికి ఒక చేర్పు, ఒక ఆక్షేపణ.

ఆక్షేపణ ముందు చెబుతాను. "శోచనీయం" ఇవాళ్టి తెలుగులో కేవలం దుఃఖపు మాటగా లేదు. దినపత్రికల సంపాదకీయాలు తిరగేయండి. "ఇంత జరిగినా పాలకుల్లో చలనం లేకపోవడం శోచనీయం", "నిధులు మురిగిపోవడం శోచనీయం" అన్న వాక్యాలు దాదాపు ప్రతి వారం చివరి పేరాలో కనిపిస్తాయి. అక్కడ ఎవరూ ఏడవడం లేదు, తప్పే పడుతున్నారు. కాని ఎంత మెత్తగా పడుతున్నారంటే, తిట్లు తిన్నవారికి కూడా నొప్పి తెలియదు. అరిగిపోయిన మాటతో వచ్చే ఇబ్బంది ఇదే. కాబట్టి రెండో వాక్యంలో "శోచనీయం" కుదరకపోవడానికి కారణం అర్థభేదం కంటే బలహీనత అని నా అభిప్రాయం.

చేర్పు ఏమిటంటే, ఈ మాట బరువును అంగుళాలతో సహా కొలిచే చోటు ఒకటి ఉంది, అది ఐక్యరాజ్యసమితి. అక్కడి తీర్మానాల్లో విచారం వ్యక్తం చేయడానికి ఒక క్రియ, డిప్లోర్ చేయడానికి ఒకటి, ఖండించడానికి మరొకటి ఉంటాయి. వాటి మధ్య మెట్ల తేడా అందరికీ తెలుసు. ఏ మెట్టు మీద నిలబడాలన్న దాని మీదే బేరాలు సాగుతాయి. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన మరునాడు, 2022 ఫిబ్రవరి 25న, భద్రతామండలి ముందుకు వచ్చిన ముసాయిదాలో తొలుత "ఖండిస్తోంది" అని ఉంది. చైనా వ్యతిరేకంగా ఓటు వేయకుండా చూసేందుకు దాన్ని "డిప్లోర్స్" అనే మాటకు తగ్గించారు. ఆ తీర్మానానికి 11 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, చైనా, భారత్, యూఏఈ ఓటింగుకు దూరంగా ఉన్నాయి, రష్యా వీటోతో అది వీగిపోయింది. మార్చి 2న సర్వప్రతినిధి సభ 141 ఓట్లతో ఆమోదించిన తీర్మానంలో కూడా ఈ క్రియే ఉంది, అయితే "అత్యంత తీవ్రమైన పదాలతో" అనే తోక తగిలించారు. ఖండించకుండానే ఖండించినంత పని చేయాలని చూసే దౌత్యభాష అది. అప్పుడు వ్యతిరేకంగా వచ్చిన ఓట్లు 5, తటస్థంగా ఉన్న దేశాలు 35. వాటిలో మన దేశమూ ఉంది.

ఇది కొత్త ఎత్తుగడ కూడా కాదు. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్లినప్పుడు, 1980 జనవరి 14న, ఇదే సభ 104 ఓట్లతో చేసిన తీర్మానం ఆ సాయుధ జోక్యాన్ని "గట్టిగా" డిప్లోర్ చేసింది తప్ప, జోక్యం చేసుకున్న దేశం పేరు ఎత్తలేదు. దీనికి పక్కన 1998 జూన్ 6 నాటి భద్రతామండలి 1172వ తీర్మానాన్ని పెట్టి చూడండి. భారత్ మే 11న, 13న జరిపిన అణుపరీక్షలనూ, ఆ తర్వాత పాకిస్తాన్ జరిపిన వాటినీ అది సూటిగా ఖండించింది. అక్కడ డిప్లోర్ అనే మెత్తని మాటకు చోటు దొరకలేదు.

తెలుగు వార్తలో ఈ మెట్లన్నీ ఒకటైపోతాయి. ఏజెన్సీ నుంచి వచ్చిన ఆంగ్ల పాఠంలో ఏ క్రియ ఉన్నా, రాత్రి పదకొండు గంటలకు శీర్షికకు చోటు చూసుకుంటూ "ఖండించిన ఐరాస" అని పెట్టేస్తారు. పొట్టిగా ఉంటుంది, పాఠకుడికి అర్థమవుతుంది, కాని రెండు వారాలు కూర్చుని ఆ మాటను ఖాయం చేసిన దౌత్యవేత్తల శ్రమ గంగలో కలుస్తుంది. "గర్హించింది" అనే క్రియ మనకు ఉంది. పాత పత్రికల్లో విరివిగా వాడేవారు. ఖండించడానికి ఒక మెట్టు దిగువన దాన్ని నిలబెట్టుకుంటే డిప్లోర్‌కు సరిగ్గా సరిపోతుందని నా మనవి.

సమాధానం: పాత సూపరింటెండెంటు

మీ సందేహంలో కార్యాలయానికి సంబంధించిన భాగానికి మాత్రం జవాబు చెబుతాను. నివేదికలోని విశేషణాల మీద ఎవరికీ శిక్ష పడదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు 1991లో వచ్చాయి. వాటిలోని 20వ నియమం ప్రకారం పెద్ద శిక్ష విధించదలచినప్పుడు అభియోగాలను స్పష్టంగా, విడివిడిగా రాయాలి, ఆధారాలుగా ఏ పత్రాలున్నాయో, సాక్షులు ఎవరో జాబితా ఇవ్వాలి. "ఫలానా తేదీన ఫలానా పిల్లలను వసతిగృహం నుంచి పంపించివేస్తానని బెదిరించారు" అనేది అభియోగం అవుతుంది. "గర్హణీయంగా ప్రవర్తించారు" అన్నది ఒక్కటే రాస్తే, నిందితుడి తరఫు వకీలు దాన్ని మొదటి వాయిదాలోనే చింపేస్తాడు. కనుక రెండు మాటలు వాడితే రెండు అభియోగాలుగా కనిపిస్తాయన్న భయం మీకు అక్కరలేదు. మీరు జాగ్రత్త పడవలసింది బెదిరింపు వివరాలు, గడియల వివరాలు, రిజిస్టరులో ఖాళీగా వదిలిన పుటల సంఖ్యలు తెలుగులో ఉన్నవి ఉన్నట్టు వచ్చాయా లేదా అన్నదాని గురించే.

"సిగ్గుచేటు" అని మాత్రం రాయకండి. సభలో మైకు ముందు అది బ్రహ్మాండంగా ఉంటుంది. ఫైలులో పెడితే రాసినవారు కోపంలో ఉన్నారని అర్థమవుతుంది, దాంతో నివేదిక విలువ పడిపోతుంది.

సమాధానం: డాలస్ తెలుగు

అమెరికాలో ఉంటున్నవారికి ఈ మాట 2016 తర్వాత మామూలు విశేషణంగా వినిపించడం మానేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 9న న్యూయార్కులో విరాళాల సేకరణ సభలో హిల్లరీ క్లింటన్ మాట్లాడుతూ, ట్రంప్ మద్దతుదారుల్లో సగం మందిని "డిప్లోరబుల్స్" అనే బుట్టలో వేయవచ్చని అన్నారు. జాతివివక్ష, స్త్రీద్వేషం, పరదేశీయుల పట్ల ద్వేషం వంటివి ఉన్నవారని వివరించారు. మరునాడే "సగం" అన్నందుకు విచారం వెలిబుచ్చారు. కాని మాట గడప దాటిపోయింది. ట్రంప్ మద్దతుదారులు ఆ పేరును చొక్కాల మీద అచ్చు వేయించుకుని సభలకు వచ్చారు. 2017 జనవరి 19న, ప్రమాణస్వీకారానికి ముందురోజు రాత్రి, వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్బులో అదే మాటతో పేరు కట్టిన విందు కూడా జరుపుకున్నారు.

ఇందులో భాషకు సంబంధించిన విషయం రెండు చోట్ల ఉంది. మొదటిది, ఆంగ్లంలో సాధారణంగా ఈ విశేషణం పనికో, స్థితికో, లోపానికో తగులుతుంది. మనిషికి తగలడం తక్కువ. పని గర్హణీయం అన్నప్పుడు చేసినవాడు దాన్ని మానుకునే అవకాశం మిగులుతుంది. ఆమె విశేషణాన్ని నామవాచకం చేసి, బహువచనం తగిలించి, మనుషుల మీద పెట్టారు. అందుకే అంత మంట పుట్టింది.

రెండోది చాలామంది గమనించలేదు. అదే ప్రసంగంలో ఆమె మిగిలిన సగం గురించి కూడా మాట్లాడారు. ప్రభుత్వమూ ఆర్థిక వ్యవస్థా తమను వదిలేశాయని బాధపడుతున్నవారు వాళ్లు, వాళ్లను అర్థం చేసుకోవాలి, వాళ్ల పట్ల సానుభూతి ఉండాలి అన్నారు. ఉపన్యాసకుల వారు చెప్పిన పాత అర్థం, ఏడ్వదగిన దుస్థితి అన్నది, నిజానికి ఈ రెండో సగానికి వర్తిస్తుంది. జాన్సన్ వెనకడుగు వేస్తూ చేర్చిన అర్థాన్ని మాత్రం ఆమె మొదటి సగానికి పేరుగా పెట్టారు. జాలి పడవలసినవారినీ నిందించవలసినవారినీ వేరు చేసి చూపాలన్న ప్రయత్నం ఆ ప్రసంగంలో ఉంది. బుట్ట ఒక్కటే జనానికి గుర్తుండిపోయింది.

ఆంగ్లం మాట్లాడే మన పిల్లలకు నేను చెప్పే జాగ్రత్త ఒకటి ఉంది. తెలుగు ఇళ్లలో "పాపం, వాళ్ల పరిస్థితి పథెటిక్‌గా ఉంది" అని జాలితోనే అంటాం. ఇక్కడ పుట్టినవారి చెవికి పథెటిక్ అనేది చాలాసార్లు వెక్కిరింతగా వినిపిస్తుంది. డిప్లోరబుల్ కూడా అంతే. కష్టంలో ఉన్న బంధువు గురించి ఆ రెండు మాటలూ వాడకపోవడం మేలు.

పత్రానువాదకుడు

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఇంకా రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. మా కంప్యూటరులో "గర్హనీయం" అని కొడితే తప్పు చూపడం లేదు, పెద్దాయన మాత్రం "గర్హణీయం" అని ణకారంతో రాశారు, ఏది సరైనది? అలాగే ఒక మిత్రుడు వార్డెను విషయంలో "హేయం" అని రాయమంటున్నాడు. అది ఎక్కువ అవుతుందా?

విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు

పెద్దాయన రాసినదే సరైనది. సంస్కృత పదంలో ముందు రేఫ ఉన్నప్పుడు తర్వాత వచ్చే నకారం ణకారం అవుతుంది, మధ్యలో హకారమో అచ్చో ఉన్నా అది ఆగదు. "గర్హ"లో రేఫ ఉంది కాబట్టి గర్హణీయం. శోచనీయంలో, దయనీయంలో అటువంటి కారణం లేదు కాబట్టి అవి నకారంతోనే ఉంటాయి. పత్రికల్లో "గర్హనీయం" కూడా విరివిగా కనిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కాని దస్తావేజులో శుద్ధరూపం ఉండడం మంచిది.

"హేయం" ఎక్కువే అవుతుంది. దాని అర్థం విడిచిపెట్టదగినది, చీదరించుకోదగినది. తెలుగు పత్రికలు దాన్ని ఆంగ్లంలోని "హీనస్" అనే మాటకు బదులుగా వాడుతున్నాయి. అత్యాచారాలు, హత్యల గురించి రాసేటప్పుడు. పైగా ఆ ఆంగ్లపదానికి మన చట్టంలో ఒక చోట కచ్చితమైన కొలత కూడా ఉంది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించిన జైలు ఉన్న నేరాలే ఆ వర్గంలోకి వస్తాయి. డిప్లోరబుల్‌కు చట్టంలో అటువంటి నిర్వచనం ఏదీ లేదు. అది రాసేవారి మనసులోని తీర్పు మాత్రమే. పిల్లలను బెదిరించడం చిన్న తప్పని నేను అనను. కాని తనిఖీ అధికారి ఎంచుకున్న మెట్టు కంటే పై మెట్టు మీద ఆయన్ను నిలబెట్టే అధికారం అనువాదకుడికి లేదు.

ఇక వాయిదా వేసిన మూడో వాక్యం. "వార్తల బల్ల" వారు శోచనీయం అరిగిపోయిందన్నారు, ఆ మాట ఇక్కడ నాకు అంగీకారమే. రిజిస్టరులో అశ్రద్ధ శోచనీయం అంటే సంపాదకీయం చదువుతున్నట్టు ఉంటుంది. "గర్హణీయమైన అశ్రద్ధ" అనవచ్చు, కాని గర్హ సాధారణంగా తెలిసి చేసిన పనికి తగులుతుంది. రిజిస్టరు రాయకపోవడం బద్ధకమో, మోసమో నివేదిక తేల్చలేదు. "క్షమించరాని అశ్రద్ధ" వినసొంపుగా ఉన్నా, క్షమించాలా వద్దా అన్నది పై అధికారి తేల్చవలసిన విషయం. నేనైతే కార్యాలయాలకు అలవాటైన మాటనే కాస్త బిగించి, "సరుకుల రిజిస్టరు నిర్వహణలో తీవ్రంగా ఆక్షేపించదగిన అశ్రద్ధ కనిపించింది" అని రాస్తాను.

వార్తల బల్ల

"ఆక్షేపించదగిన" అంటే ఆంగ్లంలో "అబ్జెక్షనబుల్" దాకా దిగిపోయినట్టు అవుతుంది. "తీవ్రంగా" అనే మాట దాన్ని ఎంత పైకి లాగగలదో నాకు అనుమానమే. అయినా నివేదికలో ఆ వాక్యం తర్వాత ఏముందో అనువాదకుడు గారు చెప్పలేదు. బియ్యం నిల్వకూ లెక్కకూ మధ్య తేడా బస్తాల్లో ఉందని రాసి ఉంటే, నేను "గర్హణీయమైన" వైపే మొగ్గుతాను.

పత్రానువాదకుడు

తేడా ఉందని రాశారు, బస్తాల సంఖ్య కూడా ఇచ్చారు. అయితే రిజిస్టరు రాయవలసినది వార్డెనా, వంటశాల గుమాస్తానా అన్నది తేల్చలేదు. అందుచేత ప్రస్తుతానికి ఉపన్యాసకుల వారి వాక్యాన్నే పెట్టి, పక్కన మూలంలోని ఆంగ్లపదాన్ని తెలుగు లిపిలో చేర్చి, పెద్దాయన బల్ల మీదికి తిరిగి పంపాను. మొదటి వాక్యంలో "శోచనీయం" తీసి "దయనీయం" చేశాను. రెండో దాంట్లో ఆయన ఎర్ర సిరా అలాగే ఉంది.